విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది, కంప్యూటర్ కూడా మార్చేయాలా? - మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ మీద ఉన్నాయి, అందుకే మొబైల్ ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి నెట్టేసి మొత్తం పేజీలు దీనికే ఇచ్చేశాం. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది కదా, అప్పట్నుంచి అమ్మేవాళ్లకి పండగ, వాడేవాళ్లకి టెన్షన్.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. 2017లో మా అబ్బాయి కొనిచ్చిన లాప్‌టాప్ ఉంది, ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. మధ్యమధ్యలో సపోర్ట్ అయిపోయింది అని స్క్రీన్ నిండా మెసేజ్ వస్తోంది. షాపులో చూపిస్తే దీనికి విండోస్ 11 ఎక్కదండీ, కొత్తది తీసుకోండి, 55 వేలు అవుద్ది అన్నారు. బ్యాంకు, పెన్షన్ పనులు, యూట్యూబ్ తప్ప నాకు వేరే అవసరం లేదు. నిజంగా ఇది పనికిరాదా? (కాకినాడ)

జవాబు: మాస్టారూ, షాపతను చెప్పిన దాంట్లో సగం నిజం. మీది 2017 అంటున్నారు కాబట్టి ఏడో జనరేషన్ ప్రాసెసర్ అయ్యుంటుంది, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11కి అధికారికంగా అర్హత, అంటే మీరు ఒక్క మెట్టు కింద ఆగిపోయారు. కానీ 11 ఎక్కకపోతే లాప్‌టాప్ చెత్తబుట్టలోకే అన్నది మాత్రం అమ్మేవాళ్ల లెక్క.

సపోర్ట్ అయిపోయింది అంటే రేపట్నుంచి ఆన్ అవ్వదు అని కాదు. విండోస్‌లో ఏదన్నా కన్నం బయటపడితే దాన్ని పూడ్చే అప్‌డేట్ ఇక రాదు, అంతే. ఆ అంతే అన్నది చిన్న విషయం కాదనుకోండి. 2017 మేలో వానాక్రై అని ఒకటి వచ్చి ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులు అడిగింది గుర్తుందా, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ కన్నానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, అది వేసుకోని మెషిన్లే దెబ్బతిన్నాయి. ఇప్పుడు మీ విండోస్ 10కి అసలు మందే రాదు, ఆ మెషిన్‌లో బ్యాంకు పని చేస్తానంటే నేనైతే ఒప్పుకోను.

అయితే ఒక వెసులుబాటు ఉంది. ఈఎస్‌యూ అంటారు, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తారు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీకి వెళ్లి విండోస్ అప్‌డేట్ తెరిస్తే కుడివైపో కిందో ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, మీ సెట్టింగ్స్ వాళ్ల క్లౌడ్‌కి సింక్ అవ్వడానికి ఒప్పుకుంటే ఫ్రీ. వద్దు బాబూ అనుకుంటే 30 డాలర్లకి సమానమైన డబ్బు ఒక్కసారి కట్టాలి, లేదా రివార్డ్స్ పాయింట్లు 1000 ఉంటే అవి ఇవ్వొచ్చు. ఒకే అకౌంట్ మీద పది కంప్యూటర్ల దాకా వాడుకోవచ్చు కాబట్టి ఇంట్లో ఇంకో సిస్టమ్ ఉంటే అది కూడా ఎక్కించేయండి. ఆ ఎన్‌రోల్ కనపడకపోతే మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అవునో కాదో చూడండి, కాకపోతే ముందు అక్కడిదాకా అప్‌డేట్ చేయాలి.

ఇంకోటి, లాప్‌టాప్ స్లోగా ఉందని మీరు రాయలేదు గానీ ఉండే ఉంటుంది, ఆ టైములో వచ్చిన చాలా మోడళ్లలో పాత హార్డ్ డిస్కే ఉండేది. అది తీసేసి, దానికన్నా చాలా వేగంగా నడిచే 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించండి. 8 జీబీ ర్యామ్ మీకు సరిపోతుంది, ర్యామ్ పెంచమని ఎవరన్నా అంటే ఆగండి, 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఎస్ఎస్‌డీ ధర కూడా పెరిగింది కానీ కొత్త లాప్‌టాప్‌తో పోలిస్తే అది ఖర్చే కాదు.

2026 అక్టోబర్ తర్వాత ఏంటి అంటే, లినక్స్ మింట్, విండోస్ బదులు వేసుకునే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్. మీరు చేసే పనులన్నీ బ్రౌజర్‌లో అయ్యేవే, క్రోమ్ అక్కడా ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ ఉంటుంది, లైసెన్స్ డబ్బులు లేవు. లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర మెషిన్ పెట్టి విండోస్‌లో చేసేవాళ్లు ఉన్నారు, ఆ అవసరం కూడా ఇప్పుడు తగ్గిపోయింది, జీవన్ ప్రమాణ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో మొహం చూపిస్తే అయిపోతోంది. కాబట్టి ఆ 55 వేలు ఇప్పుడే తీయకండి మాస్టారూ.

ప్రశ్న: మాది నెట్ సెంటర్. నాలుగు డెస్క్‌టాప్‌లు ఉన్నయ్, ఐ3 ఎనిమిదో జనరేషన్. 11 చెక్ చేస్తే టీపీఎం లేదు అని చూపిస్తుంది. మదర్‌బోర్డులు మార్చాల్సిందేనా? (నల్గొండ)

జవాబు: వద్దన్నా, బోర్డులు ముట్టుకోకండి. టీపీఎం అంటే కీలు భద్రంగా దాచే సెక్యూరిటీ భాగం, ఎనిమిదో జనరేషన్ బోర్డుల్లో విడిగా చిప్పు అక్కర్లేకుండా అది సిస్టమ్‌లోనే ఉంటుంది, మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లలో అది ఆఫ్‌లో ఉంటుంది, అంతే. స్టార్ట్ అయ్యేటప్పుడు డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల పేజీలోకి వెళ్తే ఇంటెల్ అయితే పీటీటీ అని, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి సేవ్ చేయండి. తర్వాత విండోస్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ రన్ చేస్తే వెర్షన్ 2.0 అని చూపించాలి.

అసలు చిక్కు ఇంకో చోట ఉంటుంది. ఈ సిస్టమ్‌లలో విండోస్‌ని లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో వేసి ఉంటారు, డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటుంది, 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ కావాలి. ముందే వెళ్లి బయాస్‌లో లెగసీని యూఈఎఫ్ఐ చేసేస్తే సిస్టమ్ బూట్ అవ్వదు, చాలామంది ఇక్కడే బెదిరిపోయి టెక్నీషియన్‌ని పిలుస్తారు. వరస ఏంటంటే ముందు డేటా బ్యాకప్, తర్వాత విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో అదే డిస్క్‌ని జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మార్చడం, ఆ తర్వాతే బయాస్‌లో మోడ్ మార్చడం. ఏదన్నా సిస్టమ్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయాస్ ముట్టుకునే ముందు దాన్ని సస్పెండ్ చేసి రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే 48 అంకెల కీ అడిగి కూర్చుంటుంది. ఒక సిస్టమ్ మీద చేసి రెండ్రోజులు వాడి చూసి మిగతా మూడు చేయండి.

పైన మాస్టారుకి చెప్పిన ఫ్రీ ఈఎస్‌యూ ఇంటి వాడకానికి, మీది వ్యాపారం కాబట్టి వర్తించదు. కంపెనీలకి వేరే రేటు, మొదటి ఏడాదికి మెషిన్‌కి 61 డాలర్లు, తర్వాత ఏటా డబుల్ అవుతుంది. మీ సిస్టమ్‌లకి 11 ఫ్రీగానే వస్తుంది, అసలు లైసెన్స్ ఉన్న విండోస్ 10 అయితేనే సుమా. షాపువాళ్లు యాక్టివేటర్ (దొంగ లైసెన్స్ టూల్) కొట్టి ఇచ్చిందైతే దాని గురించి కింద హనుమకొండ తమ్ముడికి చెప్పింది చదవండి.

ప్రశ్న: డీటీపీ సెంటర్ నడుపుతున్నాను సార్. రెండు సిస్టమ్స్ ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీనే, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల కంపోజింగ్ అంతా దాంట్లోనే. ఇరవై ఏళ్ల ఫైల్స్ ఉన్నాయి. అందరూ మార్చెయ్ మార్చెయ్ అంటున్నారు, మారిస్తే నా వేళ్లు పనిచెయ్యవు, నాకు తెలుగు టైపింగ్‌లో యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్ తప్ప రాదు. ఒక హార్డ్ డిస్క్ టక్ టక్ మని శబ్దం కూడా చేస్తోంది. ఏం చెయ్యమంటారు? (తెనాలి)

జవాబు: ముందు ఇది చదవడం ఆపేసి ఆ టక్ టక్ మనే డిస్క్‌లో ఉన్న ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ కొట్టండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

కొట్టేశారా, సరే. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న అయిపోయింది, అంటే పదేళ్లు దాటిపోయింది, అయినా మన ఊళ్లలో డీటీపీ అంటే ఇప్పటికీ అదే, దానికి కారణం బద్ధకం కాదని నాకు తెలుసు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా చదవగలిగే యూనికోడ్ రాకముందు తెలుగు అచ్చు మొత్తం ఇలాంటి ఫాంట్ల మీదే నడిచింది, ఆ అక్షరాల సొంపు, ఆ వేగం అలవాటైనవాళ్లకి వేరేది చేతికి రాదు. కాబట్టి మీకు మార్చెయ్ అని చెప్పను. విడదీయండి అంటాను.

ఎక్స్‌పీ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేయండి, మళ్లీ పెట్టకండి. వైఫై డాంగిల్ ఉంటే అదీ తీసేయండి. అది ఇక కంపోజింగ్ మెషిన్ మాత్రమే. మెయిల్, వాట్సాప్ వెబ్, కస్టమర్ పంపిన ఫొటోలు దించుకోవడం, యూపీఐ, జీఎస్టీ ఇవన్నీ 11 ఉన్న ఇంకో సిస్టమ్‌లో. ఈ రెండింటి మధ్య తిరిగేది పెన్‌డ్రైవ్, అసలు ప్రమాదం కూడా అదే. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ నేరుగా ఎక్స్‌పీలో పెట్టకండి, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయే వైరస్ మీ సెంటర్‌లోనూ చూసే ఉంటారు. కొత్త సిస్టమ్‌లో పెట్టి స్కాన్ చేసి, కావాల్సిన ఫైలు మాత్రం సెంటర్ సొంత పెన్‌డ్రైవ్‌లో వేసి అటు తీసుకెళ్లండి.

ఇది ఏడాదికో రెండేళ్లకో పనికొచ్చే మాట, ఎందుకంటే పాత డిస్క్, పాత పవర్ సప్లై ఎప్పుడైనా పోతాయి, ఆ మదర్‌బోర్డుకి స్పేర్లు దొరకవు. అందుకే రెండో సిస్టమ్ బాగుండగానే దాని డిస్క్ మొత్తాన్ని క్లోన్‌జిల్లా అనే టూల్‌తో ఇమేజ్ (అచ్చం అలాంటి కాపీ) తీసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో దాచండి. ఆ తర్వాత కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ వేసి లోపల ఎక్స్‌పీ నడిపించొచ్చు, అంటే విండోస్ 11 లోపల ఒక కిటికీలో మీ పాత ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, మీ యాపిల్ కీబోర్డ్ అన్నీ అలాగే, నెట్‌వర్క్ మాత్రం ఆ వర్చువల్ మెషిన్‌కి ఆఫ్ చేసి పెట్టాలి. సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ (పెడితేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం) ఉంటే దాన్ని కూడా లోపలికి చూపించే సెట్టింగ్ ఉంటుంది, అది పనిచేస్తుందో లేదో పాత సిస్టమ్ ఉండగానే పరీక్షించుకోండి. ప్యారలల్ పోర్టు లాక్ అయితే మాత్రం కష్టం, అమ్మినవాళ్లతో మాట్లాడి కొత్త వెర్షన్‌కి మారడమే మంచిది.

నేరుగా విండోస్ 10, 11 మీద పేజ్‌మేకర్ 7ని కంపాటిబిలిటీ మోడ్‌లో, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి నడిపేవాళ్లు కూడా ఉన్నారు. నడుస్తుంది, కానీ ప్రింట్ దగ్గర, పీడీఎఫ్ తీసే దగ్గర ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం, పెళ్లి ముహూర్తం పెట్టుకుని శుభలేఖ కోసం ఎదురుగా కూర్చున్న పార్టీ ముందు ఆ పరీక్ష వద్దు.

ఇక యూనికోడ్. పుస్తకాలు వేసేవాళ్లు, పత్రికలు, ఆన్‌లైన్ పనులన్నీ అటే వెళ్తున్నాయి, కొత్త పనులైనా ఇన్‌డిజైన్‌లోనో, డబ్బులు పెట్టలేకపోతే ఫ్రీగా దొరికే స్క్రైబస్‌లోనో యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఇన్‌డిజైన్‌లో కంపోజర్ సెట్టింగ్‌ని వరల్డ్ రెడీకి మార్చకపోతే తెలుగు ఒత్తులు విడిపోతాయి, చాలామంది ఇది తెలీక తెలుగు రాదని వదిలేస్తారు. ఫాంట్లు లేవనే మాట పాతబడిపోయింది, సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా ఉన్నాయి. కీబోర్డ్ సంగతికొస్తే, లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ టూల్‌తో పాటు వచ్చే తెలుగు లేఅవుట్లలో యాపిల్ ఉంది, విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ దాంతోపాటే వస్తాయి, యాపిల్ కావాలంటే విడిగా వేసుకోవాలి. పాత అను ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ మార్చాక ప్రూఫ్ చూడక తప్పదు, ఒత్తులు, పొల్లుల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఇరవై ఏళ్ల ఫైళ్లన్నీ మార్చే పని పెట్టుకోకండి, మళ్లీ అచ్చుకి అడిగే పుస్తకాలుంటే అవి చాలు. మిగతావి పీడీఎఫ్ తీసి దాచండి.

ప్రశ్న: అన్నా, నా లాప్‌టాప్ ఐ5 నాలుగో జనరేషన్. యూట్యూబ్‌లో రూఫస్‌తో బైపాస్ చేసి 11 వేసుడు చూసిన. మా ఫ్రెండ్ వేసుకున్నడు, మంచిగనే నడుస్తుంది. వెయ్యాల్నా వద్దా? డిగ్రీ చదువుతున్న, పైథాన్ నేర్చుకుంటున్న. (హనుమకొండ)

జవాబు: ఎక్కుతుంది తమ్ముడూ, రూఫస్ అంటే విండోస్ వేసే పెన్‌డ్రైవ్ తయారు చేసే టూల్, దాంట్లో పెన్‌డ్రైవ్ చేసేటప్పుడే టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ చెకింగ్ తీసెయ్ అని టిక్ ఉంటుంది. నాలుగో జనరేషన్ మీద విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కూడా నడుస్తుంది. అంతకన్నా బాగా పాతవి, కోర్ 2 డ్యుయో లాంటివి మాత్రం 24హెచ్2 నుంచి అసలు బూటే అవ్వవు, ఆ ప్రాసెసర్లలో లేని ఒక ఇన్‌స్ట్రక్షన్ అది అడుగుతుంది, దానికి బైపాస్ లేదు.

కానీ ఇలా వేసినదానికి అప్‌డేట్లు ఎప్పటికీ వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇప్పటిదాకా నెలనెలా వచ్చేవి వస్తున్నాయి, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం దానంతటది రాదు, మళ్లీ పెన్‌డ్రైవ్ చేసుకుని నువ్వే ఎక్కించుకోవాలి. స్టూడెంట్‌వి, ఓపిక ఉంది, నేర్చుకోవడానికి బాగుంటుంది, వేసుకో. అదే మీ నాన్న షాపు బిల్లింగ్ సిస్టమ్ అయితే వద్దనేవాణ్ణి. పైథాన్ కోసమే అయితే ఉబుంటు గానీ మింట్ గానీ విండోస్ పక్కన డ్యూయల్ బూట్ వేస్కో, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు, ఎట్లా చూసినా రేపు సర్వర్ల మీద పనిచేసేది లినక్స్‌లోనే.

ఇంకోటి, విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు (ఐఎస్ఓ) మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకో. టెలిగ్రామ్‌లో దొరికే లైట్ ఎడిషన్, ముందే యాక్టివేట్ చేసింది అని ఇచ్చేవి వద్దు. యాక్టివేటర్ రన్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటది కదా, ఎందుకు ఆపమంటుందో ఆలోచించు. లైసెన్స్ లేకపోయినా విండోస్ ఇన్‌స్టాల్ అవుతుంది, మూలన యాక్టివేట్ చేయమని రాస్తుంది, వాల్‌పేపర్ మార్చనివ్వదు, అప్‌డేట్లు మాత్రం ఇస్తుంది. యాక్టివేటర్ కొట్టడం కన్నా అదే నయం.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొందామనుకుంటున్నా. అందరూ ఐ5, 11 వేసి ఇస్తాం అంటున్నారు, ధరలు మాత్రం ఒక్కో షాపులో ఒక్కోలా ఉన్నాయి. ఏం చూడాలి? (మల్కాజ్‌గిరి)

జవాబు: ఐ5 అన్న మాటకి విలువ లేదు మేడమ్, దాని పక్క అంకె చెప్పమనండి. ఐ5-7200యూ అంటే ఏడో జనరేషన్, ఐ5-8250యూ అంటే ఎనిమిది. ఐ5-1135జీ7 లాంటిదైతే మొదటి రెండంకెలు, అంటే పదకొండు. ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి చూసుకోండి, మళ్లీ దాంట్లో కూడా కొన్ని మోడళ్లు లిస్టులో లేవు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో గానీ ఇంకెక్కడైనా గానీ 11 వేసి ఇస్తాం అంటే అర్హత ఉన్న మెషిన్ అని కాదు, బైపాస్ చేసి కూడా వేస్తారు, అది పైన చెప్పాను. షాపులోనే పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ యాప్ వేసి మీ కళ్ల ముందే రన్ చేయించండి.

కంపెనీల నుంచి లీజు అయిపోయి వచ్చేవాటిలో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490 ఇలాంటివి బాగుంటాయి, ఎక్కువ శాతం ఎనిమిదో జనరేషన్. పక్కనే టీ470, 7480 పెడతారు, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, అవి ఆరు, ఏడు జనరేషన్లు, రెండు మూడు వేలు తక్కువకి వస్తున్నాయని తీసుకోకండి. బ్యాటరీ ఎంత నిలుస్తుందో ఛార్జర్ పీకి అక్కడే కాసేపు చూడండి, బయాస్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి, పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఉంటే తర్వాత తలనొప్పి. 8 జీబీ కన్నా తక్కువ ర్యామ్ వద్దు. విండోస్ 11కి 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ రాసుకుంది, రాసుకున్నవాళ్లు వాడరు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. ఊళ్లో అమ్మానాన్న దగ్గర విండోస్ 7 డెస్క్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. వీడియో కాల్, భక్తి వీడియోలు, అంతే. క్రోమ్ అప్‌డేట్ అవ్వట్లేదు అంటున్నారు. నేను అక్కడ లేను, ఏం చేయాలి?

జవాబు: విండోస్ 7కి క్రోమ్ 109తో ఆపేశారు, అది 2023 మొదట్లో మాట, కాబట్టి అది ఇక అప్‌డేట్ అవ్వదు. మీరు ఊరొచ్చినప్పుడు క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ (పాత కంప్యూటర్లకి గూగుల్ ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చి వేసేయండి, ఫ్రీనే, అప్‌డేట్లు దానంతటవే అవుతాయి, నాన్నగారు నొక్కి పాడుచేసే అవకాశం తక్కువ. ఆండ్రాయిడ్ యాప్స్ మాత్రం దాంట్లో రావు. వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి సౌండ్, వెబ్‌క్యామ్ వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. ఈలోగా ఆ సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొట్టొద్దని ఫోన్‌లో చెప్పండి. అసలైతే వాళ్లకి పది అంగుళాల ట్యాబ్ కొనిచ్చేస్తే ఈ గొడవే ఉండదేమో.

ప్రశ్న: మా ప్రైవేట్ స్కూల్ ల్యాబ్‌లో ఇరవై కంప్యూటర్లు, సగం విండోస్ 7, సగం 10. కొత్తవి కొనే బడ్జెట్ లేదు. పిల్లలకి ఎంఎస్ ఆఫీస్, పెయింట్, కొంచెం కోడింగ్ నేర్పుతాం. (అనంతపురం)

జవాబు: విండోస్ 10 ఉన్న పదింటికి విద్యాసంస్థల ఈఎస్‌యూ ఉంది, మెషిన్‌కి మొదటి ఏడాది 1 డాలర్, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4, 2028 దాకా లాగొచ్చు. మైక్రోసాఫ్ట్ లైసెన్సులు అమ్మే డీలర్ ద్వారా తీసుకోవాలి. విండోస్ 7 వాటికి ఏమీ లేదు, 2020 జనవరి 14నే దాని కథ ముగిసింది, వాటికి లినక్స్ వేసేయండి. కేరళలో ప్రభుత్వ బళ్లు ఎన్నో ఏళ్లుగా విండోస్ లేకుండానే నడుస్తున్నాయి, అక్కడి ప్రభుత్వ విద్యా టెక్నాలజీ సంస్థ కైట్ సొంతంగా లినక్స్ తయారు చేసి ఇస్తుంది, అక్కడి పిల్లలు వెనకబడిపోలేదు కదా. ఎంఎస్ ఆఫీస్ లాంటి లిబ్రే ఆఫీస్, చదువు ఆటల జీకాంప్రిస్, కోడింగ్‌కి స్క్రాచ్, లెక్కలకి జియోజీబ్రా అన్నీ నడుస్తాయి. తల్లిదండ్రులు ఎంఎస్ ఆఫీస్ నేర్పట్లేదా అని అడుగుతారు, అది మీకూ తెలుసు, అందుకే ఆ పది విండోస్ మెషిన్లు పెద్ద క్లాసులకి ఉంచండి. 2 జీబీ ర్యామ్ ఉన్నవి ఉంటే రెండేసి మెషిన్ల ర్యామ్ కలిపి ఒకటి చేయండి, ల్యాబ్‌లో ఇరవై ముక్కుతూ నడిచే కన్నా పదిహేను బాగా నడవడం నయం. మిగిలిన ఖాళీ డబ్బాలు పాత ఇనుము బండికి వేయకుండా రిజిస్టర్ అయిన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇవ్వండి, హార్డ్ డిస్కులు మాత్రం ముందే పీకి మీ దగ్గర పెట్టుకోండి, పిల్లల ఆధార్ నంబర్లు, ఫీజు లెక్కలు వాటిలోనే ఉంటాయి, ఊరికే ఫార్మాట్ కొడితే పోవు.